నవ్వే జ్వరం

మా పెద్దమ్మాయికి మన్యం జ్వరం వచ్చేనాటికి దానికి పాకడం కూడా సరిగ్గా రాదు. చాప మీద బోర్లాపడి ఈత కొడుతున్నట్టు కాళ్లూ చేతులూ ఆడించేది. ఎంత ఆడించినా ఉన్నచోటే ఉండేది. ముందుకు కదలలేక కోపం వచ్చి ఏడ్చేది. దాని గొంతు మామూలు గొంతు కాదు. బడిలో పాఠం చెబుతున్న మా ఆయనకు కూడా వినబడేది.

అప్పటికి మేము అరకు లోయకు వచ్చి రెండేళ్లు కాలేదు. మా ఆయన మిషను బడిలో మేష్టారు. శృంగవరపుకోట వైపు పుట్టి పెరిగినవాళ్లం ఇద్దరమూ. కొండ మీద ఉద్యోగమంటే మా చుట్టాలు మొహాలు అదోలా పెట్టారు. మన్యం నీళ్లు తాగితే మనిషి మిగలడని మా అమ్మ ఏడ్చింది. పందొమ్మిది వందల ఇరవైల్లో ఆ భయం ఊరికే పుట్టింది కాదు. రోడ్డు పనికని కొండెక్కినవాళ్లు చాలామంది చలిజ్వరంతో పోయారు. కాని మాకు ఆ రెండేళ్లూ బాగానే గడిచాయి. గడ్డికప్పు బడి, దాని వెనక రెండు గదుల ఇల్లు, ఇంటి ముందు నూనెగింజల వలిసె చేను. పిల్ల అక్కడే పుట్టింది. ఊళ్లో కొండ ఆడవాళ్లే పురుడు పోశారు.

వానలు వెనక్కి తగ్గి వలిసె పూస్తున్న రోజులు. ఒక పొద్దున పిల్ల రొమ్ము పట్టలేదు. మధ్యాహ్నానికి ఒళ్లు వెచ్చబడింది. పళ్లు వస్తున్నాయేమో అనుకున్నాను. మర్నాడు కాళ్లూ చేతులూ మంచుముక్కల్లా చల్లబడి, గడగడా వణికి, ఆ వెనకే ఒళ్లు పెనంలా కాలిపోయింది. ఊరిపెద్ద వచ్చి చూసి వెళ్లాడు. కాసేపటికి ఇద్దరు మనుషులు డోలీ మోసుకుని వచ్చారు.

ఆసుపత్రి ఘాటురోడ్డు పక్కన ఉండేది. రోడ్డు కూలీల కోసం కట్టిందట, తర్వాత అందరికీ అయింది. మందు వేయించుకుని సాయంత్రానికి వచ్చేద్దాం అన్నారు మా ఆయన. నేను కూడా అలాగే అనుకున్నాను. కట్టుబట్టలతో, పిల్లకి రెండు పొత్తిగుడ్డలు మాత్రం పట్టుకుని బయలుదేరాను.

దారంతా మంచు. ముందు నడిచే మనిషి వీపు తప్ప ఏమీ కనబడదు. అక్కడక్కడా మంచు విడిచినచోట వలిసె పూల పసుపుపచ్చదనం ఒక్కసారి కళ్లలో కొట్టి మళ్లీ మాసిపోయేది. పిల్ల డోలీలో నా ఒళ్లో ఏడుస్తూనే ఉంది. గొంతు బొంగురుపోయినా మానలేదు. మోసేవాళ్లు మధ్యమధ్య ఆగి దాని మొహం చూసి మళ్లీ నడిచేవారు. వాళ్లకి ఆ ఏడుపు ధైర్యం ఇస్తున్నట్టుంది.

ఆసుపత్రి పొడుగాటి పెంకుటిల్లు. ముందు వరండా, లోపల ఒకటే పెద్ద గది. సున్నం కొట్టిన గోడలు, రెండు వైపులా వరసగా చెక్కమంచాలు, వాటి మీద బూడిదరంగు కంబళ్లు మడతపెట్టి ఉన్నాయి. ఒక్క మంచం మీదా మనిషి లేడు. జ్వరాల కాలంలో ఆసుపత్రి అలా ఖాళీగా ఉండడం ఏమిటని ఆ క్షణాన నాకు తోచలేదు. ఎందుకంటే గడప దాటగానే పిల్ల ఏడుపు ఆగిపోయింది.

క్రమంగా తగ్గి ఆగలేదు. మాట మధ్యలో ఎవరో పిలిస్తే మనం ఆగిపోతామే, అలా ఆగింది. తల తిప్పి గది చివరికి చూసింది. అక్కడ మూల ఒక మందుల బీరువా ఉంది, దాని పక్కన ఉత్త గోడ. పిల్ల ఆ గోడవైపు చూసి నవ్వింది.

హమ్మయ్య, నెమ్మదించింది అనుకుని నుదుటి మీద చెయ్యి వేశాను. దారిలో కన్నా ఎక్కువగా కాలుతోంది.

డాక్టరు గారు టీకాలు వేయించడానికి ఊళ్లమీదకి వెళ్లారట. కాంపౌండరు ఒక్కడే ఉన్నాడు. కొండ దిగువ పల్లపు మనిషి, సౌమ్యుడు. చంకలో జ్వరం చూసే గాజుగొట్టం పెట్టి చూసి, చలిజ్వరానికిచ్చే కొయినా మందు తేనెలో రంగరించి నాలుక మీద వేశాడు. తర్వాత మా ఆయన్ని వరండాలోకి పిలిచి, ఇంత జ్వరంతో పిల్లని వెనక్కి పంపలేనని, తగ్గేదాకా ఇక్కడే ఉండాలని చెప్పాడు. బడి సంగతి ఏమిటని మా ఆయన నసిగారు. చివరికి డోలీ వాళ్లతోనే బడి మూసెయ్యమని కబురు పంపి, ఆయన కూడా ఉండిపోయారు.

ఆ పూటంతా పిల్ల ఏడవలేదు. ఒళ్లు కాలుతుంటే, పెదవులు ఎండిపోయి చిట్లుతుంటే, అది వెల్లకిలా పడుకుని ఆ మూలకి చూస్తూ ఊసులాడింది. ఉంగా అంటుంది, ఆగుతుంది, ఎవరో బదులు చెబితే విన్నట్టు కనుబొమలు పైకెత్తుతుంది, మళ్లీ ఉంగా అంటుంది. నేను ముందుకి వంగి నా మొహం అడ్డుపెడితే, నన్ను తప్పించుకుని పక్కనుంచి చూసేది. తల్లి మొహం అడ్డమైనందుకు చిరాకుపడే పిల్లని అంతవరకూ నేనెక్కడా చూడలేదు.

ఆసుపత్రి ఊడ్చి, రోగులకు గంజి కాచిపెట్టే ముసలామె ఒకామె ఉండేది. అందరూ ఆయా అనేవారు. ఎప్పుడో పల్లం నుంచి వచ్చి మన్యంలో ఉండిపోయిన మనిషి. కొండవాళ్ల మాటా వచ్చు, మన మాటా వచ్చు. నాకు గంజి తెచ్చింది.

"గుంట ఏడిసిందా అమ్మా?" అని అడిగింది.

లేదు, వచ్చిన దగ్గర్నుంచి నవ్వుతూనే ఉంది అన్నాను. ఆమె పిల్లని చూడలేదు. పిల్ల ఎటు చూస్తోందో అటు చూసింది. గంజి గిన్నె నా చేతికివ్వడం మరిచిపోయి, దాంతోనే బయటికి వెళ్లిపోయింది.

మర్నాడు మంచు కొంచెం విచ్చాక ఒక కొండామె వచ్చింది. వీపున కట్టుకున్న గుడ్డలో కొడుకు, భుజాన ఒక కంబళి. మా పిల్ల ఈడువాడే. వెంట ఎవరూ లేరు. ఎంత దూరం నుంచి నడిచి వచ్చిందో, మోకాళ్లదాకా బురద. వాడి ఏడుపు మాకు రోడ్డు మలుపు దగ్గర్నుంచే వినబడింది. వరండా మెట్లెక్కింది, ఏడుస్తున్నాడు. కాంపౌండరుతో ఏదో చెప్పుకుంది, ఏడుస్తున్నాడు. గడప దాటి లోపల కాలు పెట్టింది. వాడు ఆగిపోయాడు. తల తిప్పి మందుల బీరువా పక్క గోడవైపు చూశాడు.

నేను చేతిలో ఉన్న తడిగుడ్డ పక్కన పెట్టి మా పిల్ల కళ్లకేసి చూశాను.

ఆమెకి మాకెదురుగా ఉన్న మంచం ఇచ్చారు. నాకు ఆమె మాట రాదు. సంతలో బేరానికి పనికొచ్చే నాలుగు ముక్కలు తప్ప ఏమీ తెలియవు. ఆమెకి నా మాట అంతకన్నా రాదు. ఎదురెదురుగా కూర్చుని ఎవరి పిల్లకి వాళ్లం తడిగుడ్డ వేసుకుంటున్నాం. మధ్యాహ్నం వేళ, గది నిండా ఊరికే తెల్లటి వెలుతురు. అప్పుడు మా పిల్ల తల మెల్లిగా కదిలింది. మూల నుంచి గోడ వెంట, ఒక్కొక్క మంచాన్నీ దాటుతున్నట్టు, కళ్లు నెమ్మదిగా ఇటు వస్తున్నాయి. నేను తలెత్తి ఎదుటి మంచం చూశాను. ఆ పిల్లాడి తల కూడా అదే తీరున, అదే నిదానంతో తిరుగుతోంది. రెండు తలలూ ఒకేచోట ఆగాయి. రెండు మంచాలకీ మధ్య, నడిచే దారిలో. అక్కడ ఏమీ లేదు. ఇద్దరూ ఒకేసారి నవ్వారు.

నేను ఆమెని చూశాను. ఆమె నన్ను చూస్తోంది. మా ఇద్దరికీ భాష అక్కర్లేకపోయింది.

మా ఆయనకి చెప్పాను. ఆయన చదువుకున్న మనిషి, కంగారుపడే మనిషి కాదు. కిటికీ అద్దాల మీద మంచు కదులుతుంటే వెలుగు మారుతుంది, పసివాళ్లు వెలుగునే చూస్తారు అన్నారు. నిజమే అయ్యుంటుందని నాకూ ఆశ పుట్టింది. ఆయన కిటికీ తలుపులన్నీ మూసి వచ్చారు. గది చీకటిపడ్డట్టయింది. పిల్లల కళ్లు మాత్రం కదులుతూనే ఉన్నాయి.

అప్పుడాయన కుర్చీ ఒకటి తీసుకెళ్లి ఆ మూల గోడకి ఆనించి వేసుకుని కూర్చున్నారు. మనిషి కనబడుతుంటే పిల్లలు మనిషినే చూస్తారు, చూడు అన్నారు నాతో. పిల్లల కళ్లు మళ్లీ ఆ మూలకే వెళ్లాయి. కాని వాళ్లు ఆయన్ని చూడలేదు. ఆయన తలకి జానెడు పైన చూశారు. తర్వాత ఆ చూపు కొద్దికొద్దిగా కిందికి దిగింది. ఆయన నెత్తి దాకా, చెవి దాకా దిగింది. వెనక నిలబడ్డవాళ్లెవరో చెవిలో మాట చెప్పడానికి వంగితే ఎలా ఉంటుందో అలా.

ఆయనే లేచి వచ్చేశారు. కుర్చీ అక్కడే వదిలేశారు.

"అక్కడ చలిగా ఉంది" అన్నారు. ఆ సంగతి గురించి ఆయన నాతో మాట్లాడింది అంతే. ఆ తర్వాత ఎన్నేళ్లు కలిసి బతికినా ఇంకొక్క మాట అనలేదు.

కొయినా వేస్తున్నా జ్వరం తగ్గలేదు. పిల్ల పాలు తాగడం మానేసింది. ఆకలికి కూడా ఏడవకపోతే తల్లికి పిల్ల అవసరం ఎలా తెలుస్తుంది? నేను ప్రార్థన చేస్తే అది నా మాటకన్నా వేరే మాట ఏదో శ్రద్ధగా వింటున్నట్టుండేది. ఆయాని పట్టుకుని, ఇక్కడ మిగతా రోగులంతా ఏమయ్యారని అడిగాను. ఆమె చీపురు పుల్లలు సర్దుకుంది.

"ఎల్లిపోనారమ్మా. జొరమొత్తే పిల్లలు ఏడుత్తారు గదా. ఇక్కడ నవ్వుతన్నారు. అది సూసి ఎల్లిపోనారు" అంది.

ఎప్పటినుంచి ఇలా ఉందని అడిగాను. ఈ ఏడు వానల నుంచి అంది. ఎందుకని అడిగితే తనకేం తెలుసంది. ఆమె నిజంగానే తెలియక అన్నదని నాకనిపించింది. తెలిసి దాచే మనిషి మొహం కాదది.

అంతసేపూ ఎదుటి మంచం మీద నుంచి కొండామె మమ్మల్నే చూస్తోంది. మేము దేని గురించి మాట్లాడుకుంటున్నామో ఆమెకి తెలిసిపోయింది. కొడుకుని ఎత్తుకుని లేచింది. గడప దాటి వరండాలోకి వెళ్లింది. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఆమె మళ్లీ లోపలికి వచ్చింది. వాడు ఆగి, మూలకి చూసి నవ్వాడు. ఆమె మళ్లీ బయటికి వెళ్లింది. ఏడుపు. లోపలికి వచ్చింది. నవ్వు. ప్రతిసారీ గడప మీద ఒక్క క్షణం ఆగి నా కళ్లలోకి చూసేది. చదువురాని పిల్లకి అక్షరం దిద్దించినట్టు మళ్లీ మళ్లీ చేసి చూపించింది. ఆఖరిసారి బయటికి వెళ్లి ఇక లోపలికి రాలేదు. వరండాలో నిలబడి నాకోసం చూసింది.

నేను పిల్లని కంబళిలో చుట్టి ఎత్తుకున్నాను. కాంపౌండరు అడ్డం వచ్చాడు. ఈ మంచులో బయటికి తీసుకెళ్తే నెమ్ము చేస్తుందమ్మా, నెమ్ము చేస్తే నేనేం చెయ్యలేను అన్నాడు. అది నిజమని నాకు తెలుసు. మా ఆయన వైపు చూశాను. ఆయన కాంపౌండరు భుజం మీద చెయ్యి వేసి మెల్లిగా పక్కకి జరిపారు.

గడప దాటాను. ఒక్క ఊపిరి ఆడేంతసేపు ఏమీ లేదు. తర్వాత నా పిల్ల నోరు తెరిచింది. ఆ బొంగురు గొంతుతో, ఎండిన పెదవులతో, కోపంగా, పెద్దగా ఏడ్చింది. ఏడుస్తూ నా జాకెట్టు పట్టుకుంది. నేను వరండా మెట్ల మీదే కూలబడి పాలిచ్చాను. తాగింది.

ఆసుపత్రి వెనక ఆయా గంజి కాచే పాక ఉంది. నిప్పు ఎప్పుడూ ఆరదు కనక వెచ్చగా ఉండేది. మేమిద్దరం పిల్లలతో అక్కడ చేరాం. పొగకి కళ్లు మండేవి. పిల్లలు వంతులు వేసుకున్నట్టు ఏడ్చేవారు. మాకు కునుకు లేదు. ఒకరి పిల్ల ఏడుపు నీరసపడితే రెండోవాళ్లం ఉలిక్కిపడి చూసేవాళ్లం. ఆమె నా పిల్ల అరికాళ్లు తన అరచేతులతో రుద్దేది. నేను వాడి నోట్లో చెంచాతో నీళ్లు పోసేదాన్ని. కాంపౌండరు విసుక్కోలేదు. మందు గిన్నె మూతపెట్టి పాకలోకే తెచ్చేవాడు. ఒకరోజు మందు వేసి వెళ్లబోతూ ఆగి, నాకు కూడా ఆ గదిలో నిద్రపట్టదమ్మా అని మాత్రం అన్నాడు.

డాక్టరు గారు తిరిగి వచ్చారు. గుర్రం దిగుతూనే ఏడుపు విని నేరుగా పాకలోకి వచ్చారు. అన్ని మంచాలు ఖాళీగా ఉంటే పసివాళ్లని పొగలో పెట్టారేమని కోప్పడ్డారు. ఆయన వెళ్లి గదిలోకి తొంగిచూసి వచ్చారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఇద్దరికీ సూదిమందు వేశారు. మా పిల్ల గురించి భయం లేదన్నారు. కొండామె కొడుకు పొట్ట నొక్కి చూసి, జ్వరానికి కడుపులో గట్టిపడే బల్ల బాగా పెరిగిపోయిందని, ఒంట్లో నెత్తురు లేదని, చాలా ఆలస్యమైందని మా ఆయనతో చెప్పారు. జ్వరం వాడిని వానల మొదట్లోనే పట్టుకుని ఉంటుందన్నారు.

ఒక పొద్దున మా పిల్లకి చెమట పట్టింది. కంబళి తడిసిపోయింది. ఒళ్లు చల్లబడి, నా చేతి మీద తల పెట్టి నోరు తెరుచుకుని నిద్రపోయింది. నిద్రలో నవ్వుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను. నవ్వలేదు.

ఆ రోజే మధ్యాహ్నం ఆ పిల్లాడు పోయాడు. పొద్దుట్నుంచీ ఏడుస్తూనే ఉన్నాడు. ఏడుపు పిల్లికూత అంత అయింది, తర్వాత గొంతులో గురక అంత అయింది, తర్వాత లేదు. ఆమె వాడిని ఒళ్లోంచి దించలేదు. నేను పక్కన కూర్చున్నాను. నా పిల్ల బతికి, ఆమె పిల్లాడు పోయాడు. నేనేం చెయ్యగలను. ఆమె భుజానికి నా భుజం ఆనించి ఉన్నాను, అంతే. చాలాసేపటికి ఆమె ఆయాతో ఏదో చెప్పింది. చెబుతూ నావైపు చూసింది. గొంతు నిబ్బరంగా ఉంది.

ఆయా కళ్లు తుడుచుకుని నాకు చెప్పింది. "ఏడుసుకుంటానే పోనాడంటంది. నవ్వుకుంటా పోనేదంటంది. మీకు సెప్పమంటంది."

నేను తలూపాను. ఆమె కూడా తలూపింది.

సాయంత్రానికి ఆమె మనుషులు వచ్చారు. ఆమె కంబళి ఆ గదిలో మంచం మీదే ఉండిపోయింది. దాన్ని తేవడానికి ఆయా కదలలేదు, నేనూ కదలలేదు. మా ఆయన లోపలికి వెళ్లి తెచ్చిచ్చారు. వెళ్లినంత నెమ్మదిగా తిరిగి రాలేదు. వాళ్లు పిల్లాడిని ఆ కంబళిలోనే చుట్టుకుని మంచులోకి వెళ్లిపోయారు.

మేము పిల్లకి పూర్తిగా నెమ్మదించాక ఇల్లు చేరాం. కొయినా మందు బతికించిందని మా ఆయన అందరికీ చెప్పారు. నేనూ అదే చెప్పాను. సూదిమందుకీ డాక్టరు గారికీ ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను. గడప సంగతి మాత్రం ఎవరడిగినా చెప్పలేదు. ఆ మరుసటి ఏడు ఆసుపత్రిని వేరేచోటికి మార్చారని విన్నాం. పాత పెంకుటింటి పెంకులు ఎవరూ పట్టుకుపోలేదట. మా పిల్ల పెరిగి పెద్దదై పిల్లల తల్లి అయింది. దానికి ఆ రోజులేవీ గుర్తులేవు. ఉండవు కూడా.

కొండామెని నేను మళ్లీ ఒక్కసారే చూశాను. చలి బాగా ముదిరాక, ఒక సంతరోజు. నెత్తిన కొండచీపుళ్ల మోపుతో మా ఇంటి ముందు ఆగింది. మమ్మల్ని ఎలా వెతుక్కుంటూ వచ్చిందో తెలియదు. మోపు దించి, అరుగు మీద కూర్చున్న పిల్ల దగ్గరికి వెళ్లి గొంతుక్కూర్చుంది. పిల్లకి కొత్తవాళ్లంటే భయం లేదు. ఆమె మొహంలోకి చూసి బోసినోటితో నవ్వింది.

ఆమె మొహం గట్టిపడింది. చెయ్యి చాచి పిల్ల తొడ మీద గట్టిగా గిల్లింది. పిల్ల నిర్ఘాంతపోయి, గుక్క తిప్పుకుని, ఊరంతా వినబడేలా ఏడ్చింది. ఆమె తల పక్కకి వాల్చి ఆ ఏడుపు విన్నది. మెల్లగా ఆమె మొహం విచ్చుకుంది. ఒక చీపురు కట్ట నా అరుగు మీద పెట్టి, మోపు నెత్తికెత్తుకుని సంతవైపు వెళ్లిపోయింది.

నేను పిల్లని ఎత్తుకున్నాను గాని ఊరుకోబెట్టలేదు. ఆమెకి వినబడినంత దూరమూ ఏడవనిచ్చాను.